ల్యాండింగ్ షిప్పుల్లో మిలిటరీ లారీలు: రేవులో క్రేన్లు ఉండగా ఈ తిప్పలెందుకు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: 1946 నాటి ఒక పాత ఫోటో చూశారు. ఓడ ముక్కు బీరువా తలుపుల్లా రెండుగా తెరుచుకుని ఉంది, లోపల వరసగా మిలిటరీ లారీలు ఉన్నాయి, కింద ‘టిల్బరీ’ (లండన్ దగ్గరి రేవు) అని రాసి ఉంది. యుద్ధం అయిపోయాక దాడి ఓడలతో లారీలు మోయించారా? లండన్ రేవులో క్రేన్లే లేవా? వాడి పడేసిన లారీలను సముద్రం దాటించి ఇంటికి తెస్తే ఏం గిట్టుబాటు?

సూటిగా చెప్తాను. అవును, మోయించారు. క్రేన్లు బోలెడు ఉన్నాయి, అయినా వాటిని పక్కన పెట్టి మరీ మోయించారు. ఎందుకంటే ఈ పనిలో లాభం సముద్రం మీద కాదు, రేవులో. ఇక గిట్టుబాటు సంగతంటారా, చాలా లారీల విషయంలో అస్సలు కాలేదు. అందుకే అవి ఇంటికి రాలేదు. వచ్చినవి దగ్గర దారిలో ఉన్నవి, ఇంకా పనికొచ్చేవి.

నా గురించి ఒక్క మాట. మర్చంట్ నేవీలో ముప్పై ఏళ్ళు చేసి, చీఫ్ ఆఫీసర్‌గా దిగిపోయి విశాఖలో స్థిరపడ్డాను. అందులో పదకొండేళ్ళు రో-రో ఓడల మీద, అంటే బళ్ళు చక్రాల మీదే ఎక్కి చక్రాల మీదే దిగే ఓడల మీద. యుద్ధకాలపు ల్యాండింగ్ షిప్పు మీద నేను పనిచేయలేదు, నా వయసు అంత కాదు. కానీ మా ఓడలన్నిటికీ తాత అదే కాబట్టి దాని పుట్టుపూర్వోత్తరాలు పట్టించుకున్నాను.

ముందు ఆ ఓడ గురించి. దాని పూర్తి పేరు ‘ల్యాండింగ్ షిప్, ట్యాంక్’, పొట్టిగా ఎల్‌ఎస్‌టీ. ట్యాంకులను, లారీలను రేవుతో పని లేకుండా నేరుగా ఇసుక ఒడ్డు మీదికి దింపడం దాని పని. తమాషా ఏమిటంటే, బ్రిటిష్ వాళ్ళు మొదట ఈ పనికి పెట్టుకున్నవి వ్యాపార ఓడలే. వెనిజులాలో మరకైబో సరస్సు ముఖద్వారం దగ్గర నీళ్ళు తక్కువ. అక్కడ తిరగడానికి కట్టిన మూడు ఆయిల్ ట్యాంకర్లను (మిసోవా, తసహేరా, బచాకేరో) తెచ్చి, ముక్కుకి తలుపు పెట్టారు. ఆ తర్వాత 1941 చివర్లో అమెరికా నేవీలో జాన్ నీడర్‌మేయర్ అనే డిజైనర్ అసలైన ఎల్‌ఎస్‌టీకి రూపం గీశాడు. అమెరికా వెయ్యికి పైగా కట్టింది, లెక్కగా 1,051. వాటి ఇంజన్లు రైలు ఇంజన్ల కోసం చేసిన డీజిల్ రకం. వేగం 12 నాట్లు (గంటకి సుమారు 22 కిలోమీటర్లు) దాటదు. పేరులోని పొడి అక్షరాలు మూడింటికి సిబ్బంది వేరే అర్థం చెప్పుకునేవారు: ‘లార్జ్ స్లో టార్గెట్’, అంటే పెద్దది, నెమ్మదైనది, గురి పెడితే తప్పనిది.

అమెరికా నుంచి వచ్చేవి సరిపోక బ్రిటన్, కెనడా తమ సొంత రకం ఒకటి కట్టుకున్నాయి. దాన్ని మార్క్ 3 అంటారు. మీ ఫోటోలోది బహుశా ఇదే. పొడవు 345 అడుగుల పైచిలుకు. బ్రిటిష్ యార్డుల్లో వెల్డింగ్ సౌకర్యం చాలక చాలా భాగం రివెట్లతోనే బిగించారు. ఇంజన్లు కూడా ఆవిరివి, బాగా బరువైనవి. కట్టడం రద్దయిన ఫ్రిగేట్ల (చిన్న యుద్ధనౌకల) కోసం తయారై పడి ఉన్నవాటిని వీటికి బిగించారు. అంటే ఉన్న సామానుతో చేసిన వంట. దొరగారి విందు కాదు, కడుపు నింపే అన్నం.

ఇప్పుడు అసలు మనిషి దగ్గరికి వద్దాం. పేరు ఫ్రాంక్ బస్టర్డ్. వైట్ స్టార్ లైన్‌లో (టైటానిక్ వాళ్ళదే) ప్రయాణికుల విభాగంలో పెద్ద ఉద్యోగం చేసినవాడు. 1934లో ఆ కంపెనీ కునార్డ్ అనే ఇంకో ఓడల కంపెనీతో కలిసిపోయింది. అదే ఏడు ఈయన అట్లాంటిక్ స్టీమ్ నావిగేషన్ అని సొంత కంపెనీ పెట్టుకున్నాడు. చవక టికెట్లతో జనాన్ని అట్లాంటిక్ దాటించాలని ఆలోచన. డబ్బు పెట్టేవాళ్ళు దొరకలేదు. కంపెనీ ఉంది, ఓడ మాత్రం లేదు. యుద్ధంలో కల్నల్ హోదాలో పనిచేశాడు, ల్యాండింగ్ షిప్పులను చూశాడు. అందరికీ అందులో ట్యాంకు కనిపిస్తే ఈయనకి సరుకు లారీ కనిపించింది.

1946లో నేవీ శాఖ దగ్గరికి వెళ్ళి మూడు ఓడలు అమ్మమన్నాడు. అమ్మం అన్నారు. బేరం సాగి, రోజుకి 13 పౌండ్ల 6 షిల్లింగుల 8 పెన్నీల చొప్పున వట్టి ఓడ అద్దెకిచ్చారు. వట్టి ఓడంటే సిబ్బంది, ఆయిలు, మరమ్మతు అన్నీ తీసుకున్నవాడివే. ఇళ్ళ అద్దె భాషలో చెప్పాలంటే గోడలు మాత్రమే ఓనరువి. ఎల్‌ఎస్‌టీ 3519, 3534, 3512 అనే నంబర్ల ఓడలకి వరసగా ఎంపైర్ బాల్టిక్, ఎంపైర్ సెడ్రిక్, ఎంపైర్ సెల్టిక్ అని పేర్లు పెట్టాడు. బాల్టిక్, సెడ్రిక్, సెల్టిక్ ఒకప్పుడు వైట్ స్టార్ వారి మహా ప్రయాణికుల ఓడల పేర్లు. చింత చచ్చినా పులుపు చావలేదు. రేకు డబ్బాల్లాంటి ఓడలకి మహారాణుల పేర్లు.

అద్దెకు తీసుకున్నాక ఆ ఓడల్లో ఏం మార్చారంటే: సిబ్బంది ఉండే గదులు కాస్త మనుషులు ఉండేలా చేశారు, ఇంజన్, బాయిలర్ గదుల్లో మార్పులు చేశారు, పొగగొట్టం సవరించారు, దారి చూపే పరికరాలు పెట్టారు. తలుపు జోలికీ ర్యాంపు (బళ్ళు ఎక్కి దిగే వాలు పలక) జోలికీ పోలేదు. అవి ఉన్నాయనే కదా అద్దెకు తీసుకుంది.

1946 సెప్టెంబర్ 11న ఎంపైర్ బాల్టిక్ 64 బళ్ళతో టిల్బరీ నుంచి రోటర్‌డామ్ బయలుదేరింది. ఇక్కడ మీ ప్రశ్నకి ఒక చిన్న సవరణ. ఆ మొదటి ట్రిప్పులో లారీలు ఇంటికి రాలేదు, ఇంటి నుంచి బయటికి వెళ్ళాయి. డచ్ ప్రభుత్వానికి ఇచ్చిన బళ్ళు అవి. యుద్ధం తర్వాత మిగులు బళ్ళు ఒక్క దిక్కునే నడిచాయనుకోవద్దు. హాలండ్‌కి లారీలు కావాలి. జర్మనీలో బ్రిటిష్ ఆర్మీ ఇంకా మకాం వేసి ఉంది, దానికి బళ్ళు పోవాలి, పాతవి రావాలి. అందుకే తర్వాత కొన్నేళ్ళు ఈ ఓడలకి ప్రధానమైన పని టిల్బరీ, హాంబర్గ్ మధ్య ఆర్మీ బళ్ళు మోయడం. వేల బళ్ళు దాటించారు.

క్రేన్ ఉండగా ఎందుకు అన్నారు కదా. ఇది పుస్తకం చూసి చెప్పేది కాదు, నా చేతుల మీదుగా జరిగిందే చెప్తాను.

నేను కుర్రాడిగా మామూలు కార్గో ఓడలో ఉన్నప్పుడు లారీలను డెరిక్‌తో, అంటే ఓడ మీదే ఉండే క్రేన్‌తో, ఎక్కించేవాళ్ళం. ఒక్కో చక్రం కింద వల వేయాలి, నాలుగు వలలూ ఒక చట్రానికి తగిలించాలి, పైకెత్తాలి, గాల్లో తిరగకుండా నలుగురు కళాసీలు తాళ్ళు పట్టుకోవాలి, హోల్డులోకి (ఓడ లోపలి సరుకు గదిలోకి) దింపాలి. దిగిన తర్వాత అసలు కష్టం మొదలు. హ్యాచ్ (హోల్డు పై ద్వారం) నోరు ఎంత ఉంటే లారీ అక్కడే దిగుతుంది, ఓడ పక్కలకి తోసుకుపోవాలి. బండి స్టార్టయితే సరే, కాకపోతే గడ్డపారలు, ‘హైలెస్సా’. అన్నీ కలిసొస్తే ఒక్కో బండికి పన్నెండు నిమిషాలు. రెండు గ్యాంగులు పెట్టినా 64 బళ్ళకి ఆరున్నర గంటలు. కాగితం మీద! వాన, టీ, భోజనం, క్రేన్ డ్రైవర్ డ్యూటీ మారడం కలిపితే రెండు రోజులు. పైగా మామూలు డెరిక్ ఎత్తేది అయిదు టన్నుల లోపు. ఏఈసీ మటడార్ లాంటి ఫిరంగులు లాగే బండి ఏడెనిమిది టన్నులు, ట్యాంకుల్ని మోసే ట్రెయిలర్‌ని లాగే డైమండ్ టీ పన్నెండు టన్నుల దాకా ఉంటుంది. వాటికి ప్రత్యేకమైన హెవీ డెరిక్ కావాలి, అది అందరి దగ్గరా ఉండదు.

అదే ర్యాంపు మీద నుంచయితే బండికి రెండు నిమిషాలు. రెండు గంటలు దాటితే మా కెప్టెన్ విసుక్కునేవాడు.

ఇప్పుడు లెక్క వేయండి. టిల్బరీ నుంచి హాంబర్గ్‌కి ఆ వేగంలో రెండు రోజుల లోపు ప్రయాణం. మామూలు ఓడ ఎక్కించడానికి రెండు, దించడానికి రెండు, మొత్తం నాలుగు రోజులు రేవులో కూర్చుంటుంది. ఎల్‌ఎస్‌టీ పొద్దున వచ్చి సాయంత్రం వెళ్ళిపోతుంది. యుద్ధంలో బాంబులు పడిన రేవుల్లో క్రేన్ల కోసం కాచుకునే బాధ కూడా లేదు. దూరం తక్కువైతే తలుపున్న ఓడ గెలుస్తుంది. దూరం పెరిగేకొద్దీ ఓడిపోతుంది. ఎందుకంటే లారీ ఓడలో స్థలం బాగా తినేస్తుంది. దాని కింద ఖాళీ, పైన ఖాళీ, చుట్టూ ఖాళీ. రెండు రోజుల ప్రయాణంలో ఆ ఖాళీని మోయొచ్చు, ముప్పై రోజుల ప్రయాణంలో మోయలేం. అమెరికా నుంచి యూరప్‌కి లారీలు ఎన్నో చక్రాలు విప్పి, పెట్టెల్లో సర్ది మామూలు ఓడల్లో రావడానికి కారణం అదే.

పసిఫిక్‌లో ఏమైందో చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. ఇప్పటి వనుఆటు దేశంలో ఎస్పిరిటు సాంటో అనే దీవి ఉంది. యుద్ధం అయ్యాక అమెరికన్లు అక్కడి లారీలను, బుల్డోజర్లను స్థానిక ప్రభుత్వానికి చవకగా ఇస్తామన్నారు. వీళ్ళు ఎలాగూ వదిలేసి పోతారు కదా అని ఆ ప్రభుత్వం కొనలేదు. అమెరికన్లు మొత్తం సముద్రంలోకి తోలేశారు. ఇప్పుడా చోటుని మిలియన్ డాలర్ పాయింట్ అంటారు, స్కూబా డైవింగ్ వాళ్ళు చూడ్డానికి వెళ్తారు. అక్కణ్ణుంచి ఇంటికి మోయడానికి అయ్యే ఖర్చు బండి విలువని మించిపోతుంది. ఇంకో భయం కూడా ఉంది: మిగులు లారీలన్నీ ఒక్కసారి ఇంటికొస్తే కొత్త లారీ ఎవడు కొంటాడు?

బ్రిటన్‌కి వచ్చినవాటి కథ వేరు. అక్కడ కొత్త బళ్ళ కొరత, తయారైనవి ముందు ఎగుమతికి పోయేవి. అందుకని నాటింగ్‌హామ్ దగ్గర రడింగ్టన్ లాంటి డిపోల్లో మిలిటరీ బళ్ళు వేలం వేస్తే జనం ఎగబడ్డారు. బెడ్‌ఫోర్డ్ క్యూఎల్ అనే రకం లారీలు సరుకు మోశాయి. మటడార్‌లు అడవుల్లో దుంగలు లాగాయి, దారిలో ఆగిపోయిన బస్సుల్ని గ్యారేజీకి ఈడ్చుకొచ్చాయి. పిక్‌ఫోర్డ్స్ అనే రవాణా కంపెనీ వాళ్ళు డైమండ్ టీలతో భారీ సామాను మోసే పని ఏళ్ళ తరబడి నడిపారు. మన దగ్గర కూడా పెద్దవాళ్ళు ‘డిస్పోజల్ జీపు’, ‘డిస్పోజల్ లారీ’ అనేవారు, గుర్తుందా? అది కూడా ఇలాంటి మిగులు సరుకే.

పాత బళ్ళు మోయడంలో ఒక తలనొప్పి ఉంది, దాన్ని పుస్తకాల్లో ఎక్కువగా రాయరు. కొత్త బండి సరుకు, పాత బండి రోగి. నేను యూరప్ నుంచి పశ్చిమ ఆఫ్రికాకి సెకండ్ హ్యాండ్ లారీలు మోసే ఓడలో సెకండ్ ఆఫీసర్‌గా ఉన్నాను. రేవు వాళ్ళు బళ్ళని రెండు రకాలు చేసేవారు: రన్నర్, నాన్-రన్నర్. రన్నర్ అని రాసినదాంట్లో సగం ర్యాంపు మధ్యలో ఆగిపోయేవి. బ్యాటరీ ఉండదు, హ్యాండ్ బ్రేకు పేరుకే, ఇంజన్ ఆయిలు కారి డెక్కు మీద జారుడు. ఒక రాత్రి బిస్కే అఖాతంలో ఓడ గట్టిగా ఊగుతుంటే కింద డెక్కులో ‘ధడేల్’మని శబ్దం. ఒక లారీ చెయిన్ తెంచుకుని పక్కదాన్ని గుద్దుతోంది. చెయిన్ మంచిదే. దాన్ని తగిలించిన లారీ ఛాసిస్ తుప్పు పట్టి ఊడి వచ్చింది. ఎక్కించేటప్పుడు చూడాల్సింది నేనే, చూడలేదు. ఆ బండిని మళ్ళీ కట్టేసి వచ్చేసరికి తెల్లారింది. ఆ రోజు నుంచి చెయిన్ కన్నా ముందు ఛాసిస్‌ని సుత్తితో కొట్టి చూడటం అలవాటైంది.

ఎల్‌ఎస్‌టీలో ఈ బాధ రెట్టింపు అయ్యుంటుంది, ఎందుకో చెప్తాను. ఒడ్డుకెక్కాలి కాబట్టి దాని అడుగు చదును. వెడల్పు ఎక్కువ, మునక తక్కువ. అలాంటి ఓడ బోల్తా పడటం కష్టం, కానీ ఊగడం భరించలేం. చిన్నప్పుడు తోస్తే లేచి నిలబడే బొమ్మ ఉండేది కదా, అలా ఒక పక్కకి వాలీ వాలకముందే ఠక్కున లేచి ఇంకో పక్కకి పోతుంది. మెల్లగా ఊగే ఓడలో బళ్ళని కట్టిన చెయిన్ల మీద భారం తక్కువ. విదిలించే ఓడలో ప్రతి ఊపూ చెయిన్‌కి ఒక దెబ్బ. సముద్రంలో ఉన్నప్పుడు బలాస్ట్ ట్యాంకుల్లో నీళ్ళు నింపి ఓడని కిందికి దించుతారు, ఒడ్డుకి వచ్చేముందు తోడేస్తారు. దానితో కొంత మెరుగు, అంతే.

ఇంకొకటి పొగ. మూసి ఉన్న ట్యాంక్ డెక్కులో ఒకేసారి పాత పెట్రోల్ ఇంజన్లు పదిహేను స్టార్ట్ చేస్తే ఏమవుతుందో ఊహించుకోండి. పెద్ద పెద్ద ఫ్యాన్లు పెట్టి పొగని బయటికి తోడేవారు. ఇప్పటి ఓడల్లోనూ అంతే. ఫ్యాన్ తిరగందే బండి స్టార్ట్ చేయనిచ్చేవాణ్ణి కాదు, డ్రైవర్లు ఎంత సణిగినా సరే.

బస్టర్డ్ అసలు ఎత్తుగడ ఆర్మీ కాంట్రాక్టుతో ఆగలేదు. ఆర్మీ డబ్బుతో ఓడలు తిప్పడం నేర్చుకుని, మామూలు వ్యాపారుల దగ్గరికి వెళ్ళాడు. 1948 మే 21న ఎంపైర్ సెడ్రిక్ ఇంగ్లండ్‌లోని ప్రెస్టన్ నుంచి ఉత్తర ఐర్లండ్‌లోని లార్న్‌కి బయలుదేరింది. యాభై మంది ప్రయాణికులకి పర్మిషన్ ఉంది. తొలినాటి సరుకులో గ్యాస్ పొయ్యిలతో నిండిన లారీలు ఉన్నాయి. పొయ్యిలు ఫ్యాక్టరీలో లారీ ఎక్కి, దుకాణం దగ్గర లారీ దిగాయి. మధ్యలో సముద్రం ఉందని పొయ్యిలకి తెలియను కూడా తెలియదు. ఇప్పటి లారీ ఫెర్రీల పద్ధతి ఇదే. రైలు పెట్టెలను ఓడల్లో దాటించడం అంతకుముందే ఉంది కాబట్టి చక్రాల మీద ఎక్కించడం బస్టర్డ్ కనిపెట్టాడని అనను. సరుకుతో నిండిన లారీకి టికెట్ ఇచ్చి, వారానికి రెండుసార్లు టైముకి ఓడ నడపడం ఆయన చేసిన పని.

తర్వాతి సంగతులు త్వరగా చెప్తాను. 1954లో కంపెనీ ప్రభుత్వ సంస్థ చేతికి పోయింది. 1955కి ఎంపైర్ పేరున్న ఓడలు ఏడయ్యాయి, హాంబర్గ్ బదులు ఆంట్‌వెర్ప్‌కి మారారు. 1956లో ఈజిప్టులో సూయెజ్ కాలువ గొడవ రాగానే ప్రభుత్వం ఓడలన్నిటినీ లాక్కుని మళ్ళీ యుద్ధం పనికి పంపింది. 1957 జనవరి దాకా లారీల సర్వీసు లేదు. అదే ఏడు బార్డిక్ ఫెర్రీ అని, లారీల కోసమే కట్టిన కొత్త ఓడ వచ్చింది. 1960ల మొదట్లో పాత ఎల్‌ఎస్‌టీలు చాలావరకు తుక్కుకి పోయాయి.

తలుపు గురించి ఒక హెచ్చరిక. తలుపున్న ఓడలంటే లాభమే అన్నట్టు రాశాను కానీ, ఆ తలుపే ప్రాణాలు కూడా తీసింది. 1953 జనవరి 31న ఇదే లార్న్‌కి వస్తున్న ప్రిన్సెస్ విక్టోరియా అనే ఫెర్రీ వెనక తలుపులని తుఫాను అలలు విరగ్గొట్టాయి, 130 మందికి పైగా పోయారు. 1987 మార్చి 6న బెల్జియంలోని జీబ్రుగా దగ్గర హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్ ముందు తలుపులు మూయకుండానే బయలుదేరింది, 193 మంది చనిపోయారు. పెద్ద పళ్ళెంలో కొంచెం నీళ్ళు పోసి ఎత్తి చూడండి. కాస్త వాలితే నీళ్ళన్నీ అటే పరిగెడతాయి, పళ్ళెం ఇంకా వాలుతుంది. అడ్డుగోడలు లేని కార్ డెక్కులోకి నీళ్ళొస్తే జరిగేది అదే. నేను పనిచేసినన్నాళ్ళూ తలుపు మూసినట్టు లైటు వెలిగినా, మనిషిని పంపి కళ్ళతో చూడమనేవాణ్ణి. కుర్రాళ్ళు చాదస్తం అనుకునేవాళ్ళు.

మనకీ దీనికీ చుట్టరికం ఉంది. ఎంపైర్ బాల్టిక్‌కి సోదరి ఓడ, మార్క్ 3 రకమే, ఎల్‌ఎస్‌టీ 3011, 1949లో మన నేవీకి వచ్చి ఐఎన్ఎస్ మగర్ అయింది. మగర్ అంటే మొసలి. నోరు తెరిచే ఓడకి అంతకన్నా మంచి పేరు దొరకదు. అదే పేరుతో తర్వాత కొత్త ఓడ కట్టుకున్నాం. దాని జోడు ఐఎన్ఎస్ ఘరియాల్‌ని మన విశాఖ హిందుస్తాన్ షిప్‌యార్డులోనే కట్టారు.

చివరగా మీ ఫోటో. ఓడ ముక్కు పక్కన నంబర్ ఉందో, పేరు ఉందో చూడండి. ‘ఎంపైర్’ అని ఉంటే బస్టర్డ్ అద్దె ఓడ. నాలుగంకెల నంబర్ మూడుతో మొదలైతే మార్క్ 3, ఇంకా నేవీ చేతిలో ఉన్నది. తర్వాత లారీల ముక్కులు ఎటున్నాయో చూడండి. ఈ ఓడకి లారీలు వెళ్ళే తలుపు ముందువైపే ఉంటుంది కాబట్టి దిగేటప్పుడు తిన్నగా దిగాలంటే ఎక్కేటప్పుడు రివర్సులో ఎక్కించాలి. ర్యాంపు మీద ఉన్న లారీ ముక్కు మీ వైపు ఉండి, డ్రైవర్ తల వెనక్కి తిప్పి చూస్తున్నాడంటే అది ఎక్కుతోంది. తిన్నగా మీ వంక చూస్తున్నాడంటే దిగుతోంది, అంటే ఇంటికి వచ్చిన లారీ. ఫోటో పెద్దది చేసి డ్రైవర్ తల ఎటుందో చెప్పండి.